అంకయ్య పంచెకి కిటికీ

చెంగమ్మని ఒకామె ఉండేదంట. ఆమె చేతికి సూది దొరికిందా, ఇంక ఆ ఇంట్లో ఏ గుడ్డా ఉన్నట్టుగా ఉండేది కాదంట. ఏదో ఒకటి అయి కూసునేది. మొగుడు మాలకొండయ్య పొడుం డబ్బీ యాడబెట్టాడో మర్చిపోయి ఇల్లంతా ఎతుక్కుంటా ఉంటాడనుకో, ఈమె చూస్తా ఊరుకుంటదా? ఆయన తలగుడ్డకే ఒక జేబు కుట్టేసింది. ఇంక ఆయన వొంగినప్పుడల్లా నెత్తిమీంచి పొడుం రాలిపడేదంట, రాలితే తుమ్మేవాడు, తుమ్మితే మళ్ళీ రాలిపడేదంట. కూతురు ఆదెమ్మ బువ్వ తిని పావడాకి చెయ్యి తుడుస్తదని, తుడుచుకోను పావడా ముందర ఇంకో గుడ్డ అతికించింది. మాలకొండయ్య మేనత్త పోలేరమ్మని ముసిల్ది ఆ ఇంట్లోనే ఉండేది, ఆమెకి మోకాళ్ళ నొప్పులు. చెంగమ్మ ఏం జేసిందీ, పాత రెయిక చేతులు రెండూ కత్తిరించి, అందులో ఉప్పు పోసి, మోకాళ్ళకి తొడుగులు కుట్టిచ్చింది. నొప్పి తగ్గిందంటలే గానీ, ముసిల్ది యాడ కూసుంటే ఆడికి మేకలొచ్చి మోకాళ్ళు నాకేవంట. నవ్వమాకండే, ఉన్నమాటే చెప్తన్నా. ఊళ్ళో మిషను పెట్టుకున్నాయన మనిషిని నిలబెట్టి కొలుస్తాడు గదా, చెంగమ్మకి అదేం లేదు. ఇంట్లో ఎవరికేం ఇబ్బందో చూసేది, చూసిన సాయంత్రానికల్లా దానికొక గుడ్డ తయారు. అడిగినా అడక్కపోయినా కుట్టేది, అదీ ఆమెతో వొచ్చిన తంటా.

ఈ మాలకొండయ్యకి ఒక తమ్ముడు, అంకయ్యని. చెంగమ్మ ఆ ఇంటికి కాపరానికొచ్చేసరికి వాళ్ళమ్మ పోయింది, వీడు ముక్కు తుడుచుకోటం కూడా రాని పిల్లోడు. వొదిన చేతిముద్ద తిని, వొదిన కుట్టిన లాగూలు తొడుక్కుని, వొదిన కొంగు పట్టుకుని పెరిగాడు. ఏమే, నీకే చెప్పేది, ఇనేటప్పుడు శనక్కాయలు వొలువు, నోట్లో ఎయ్యమాక, నేను చూడటం లేదనుకుంటన్నావా? ఆఁ, యాడున్నా? పెరిగాడా, పెరిగి మీసాలొచ్చినాయి, తిరపతమ్మని పిల్లని చూశారు, పెళ్ళి కుదిరింది. చెంగమ్మ సంతకి పోయి పసుపు రంగు మీద ఎర్ర పూల గుడ్డ తెచ్చిందంట, పెళ్ళికొడుక్కి చొక్కా కుట్టాలని. బ్రెమ్మాండంగా కుట్టింది. కుట్టినాక గుడ్డ మిగిలింది. మిగిలితే ఆమె చెయ్యి ఊరుకుంటదా? మగపెళ్ళివాళ్ళం గదా, ఇడిది ఇంట్లో పడుకోవాలి గదా అని, ఆ మిగిలిన గుడ్డతో దిండ్లకి గలేబులు కుట్టేసింది. దిండ్లు బండి ఎక్కినాయి, పెళ్ళికొడుకు బండి ఎక్కాడు. ఆడికి పోయి దిగినాక చూస్తే ఏముందీ, పెళ్ళికొడుకూ దిండ్లూ అన్నీ ఒకటే పూలు.

ఇంక ఆడపెళ్ళివాళ్ళ సంగతి మీకు తెలీందేముంది, ఊరికేనే ఎప్పుడు దొరుకుతారా అని చూస్తా ఉంటారు. మరదళ్ళొచ్చి ఒక దిండు తెచ్చి అంకయ్య పక్కన నిలబెట్టారంట. "బావా, మీ ఇద్దర్లో మా అక్కకి తాళి కట్టేదెవురు?" అని ఒకతి. "ఇది నయమే, మాట్లాడదు, కట్నం అడగదు, దీనికే కట్టిద్దాం" అని ఇంకొకతి. మావగారు కూడా కండవా అడ్డం పెట్టుకుని నవ్వాడంట. ఆ రోజుతో అంకయ్య పేరు పోయింది, ఆ ఊళ్ళో దిండల్లుడైపోయాడు. ఇంటికొచ్చినాక వాడు వొదిన మీద ఎగిరాడు చూడు, "నన్ను నలుగుర్లో దిండుని చేశావు గదా, నీ సూదికి దణ్ణం, ఇంక నా ఒంటికి నీ దారం తగలనీయను" అని నానా మాటలూ అన్నాడు. తప్పు తనదే గదా, చెంగమ్మ తలకాయ వొంచుకుని నిలబడింది. మాలకొండయ్యకి మాత్రం రోషం పొడుచుకొచ్చింది. "నిన్ను పెంచిన మనిషిని అంత మాటంటావురా, పో బయటికి" అన్నాడు. వాడు "పోతా" అన్నాడు. పోయింది యాడికంటే, ఇంటికి మధ్యన గోడ పెట్టుకుని ఆపక్కకి పోయాడు. అన్న ఈపక్క, తమ్ముడు ఆపక్క. మాటల్లేవు. ఎప్పుడన్నా చెప్పుకోవాల్సొస్తే గేదెకి చెప్పేవాళ్ళంట. "ఏమే గేదే, మా వొడ్లు ఎండబెట్టుకున్నాం, ఆపక్క కోళ్ళని కట్టేసుకోమను" అని ఈయన అరిస్తే, "ఏమే గేదే, కోళ్ళకి ముక్కుతాడు ఎయ్యరని చెప్పు" అని ఆయన అరిచేవాడు. గేదె పాపం ఇద్దరివీ ఇనేది.

ఇట్టా ఏళ్ళు గడిచినాయి. ఆదెమ్మకి పెళ్ళయింది, పురిటికి పుట్టింటికొచ్చింది, మొగబిడ్డని కనింది. ఉయ్యాల్లో ఏసే రోజు పెట్టుకున్నారు. ఇప్పుడు ఏమైందంటే, వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉండాది. పుట్టింటోళ్ళు బిడ్డకి బొంత కుట్టి, ఆ బొంత ఉయ్యాల్లో పరిచి, దాని మీద బిడ్డని పండబెట్టాల. బొంతంటే అంగట్లో కొన్న కొత్తగుడ్డ కాదు. ఇంట్లో పెద్దోళ్ళు ఎంతమంది బతికుంటే అంతమందివీ కట్టి ఇడిచిన గుడ్డల్లోంచి తలా ఒక ముక్క తీసి అతకాల. అంచు పనికిరాదు, కొంగు పనికిరాదు, ఒంటికి తగిలిన చోటే తియ్యాల, ఆ మనిషి వెచ్చదనం బిడ్డకి తగలాలని. చచ్చిపోయినోళ్ళ ముక్క ఎయ్యరు. అందుకని బతికున్న మనిషి ముక్క లేకుండా బొంత కుట్టారనుకో, ఆ మనిషి ఇంక ఈ ఇంటికి లేనట్టే లెక్క, పొయ్యినోళ్ళలో కలిపేసినట్టే. పోలేరమ్మ ఈ మాట పదిసార్లు చెప్పింది. చెంగమ్మ మొగుడి తలగుడ్డలోంచి ఒక ముక్క తీసింది, తుమ్ములొస్తా ఉంటే మళ్ళీ ఉతికి ఆరబెట్టి తీసింది. ముసిల్దాని చీరలోంచి తీసింది, తన చీరలోంచి తీసింది. గోడ అవతల తిరపతమ్మ కూడా మొగుడికి తెలీకుండా తన రెయిక ముక్క పడేసింది. అన్నీ నేలమీద పరిచింది. మధ్యలో ఒక చోటు ఖాళీ.

"వాడిది లేకపోతే ఏం ముంచుకొచ్చింది? నాది ఇంకో ముక్క ఎయ్యి" అన్నాడు మాలకొండయ్య. చెంగమ్మకి ఎక్కళ్ళేని కోపమొచ్చింది. "నీది రెండు ముక్కలేస్తే నువ్వు ఇద్దరైతావా? వాణ్ణి నేను ఎత్తుకుని తిప్పా. జొరమొస్తే నా ఒళ్ళోనే పడుకునేవాడు. ఆ గోడ లేచింది నా సూది మూలాన. ఇప్పుడు నా చేత్తోనే బతికున్నోణ్ణి లేనోణ్ణి చెయ్యమంటావా? నావల్ల కాదు. వాడి ముక్క లేంది ఈ బొంత కుట్టను, బొంత లేంది ఉయ్యాల కట్టనీయను" అని ఏడ్చేసింది. మాలకొండయ్య పొడుం పీల్చుకుంటా బయటికెళ్ళాడు. ఆయనకి మాత్రం లోపల లేదా? ఉండాది, మొగోడు గదా, మీసం అడ్డమొచ్చింది.

సరే, చెంగమ్మ గోడ దగ్గరికి పోయి తిరపతమ్మని పిలిచింది. "అమ్మాయ్, మీ ఆయన పాత చొక్కా ఏదన్నా ఉంటే ఇయ్యవే" అనింది. తిరపతమ్మ మంచిదే పాపం. "అక్కా, నేనియ్యనా? ఆయన నా నెత్తిమీద చెయ్యి పెట్టి వొట్టేయించుకున్నాడు, తన గుడ్డ నూలుపోగు కూడా నా చేత్తో గోడ దాటనీయకూడదని. వొట్టు తప్పితే నేనేమైపోవాల?" అనింది. అదీ నిజమే గదా. అప్పుడు చెంగమ్మకి ఒక ఆలోచనొచ్చింది. పాత బట్టలకి గిన్నెలిచ్చే ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని వీధిలో అరుచుకుంటా పోతంటే పిలిచి, "ఆపక్కింట్లో అంకయ్యని ఉంటాడు, ఆయన ఒంటిమీది గుడ్డ ఏదన్నా సరే, బేరమాడి పట్రా" అని పంపించింది. గిన్నెలామె పోయింది. అంకయ్య అరుగు మీద కూసుని బేరం మొదలుపెట్టాడు. పొద్దున మొదలుపెడితే అన్నాలేళ దాకా ఒక చెంబు మూత కోసం ఆమె ప్రాణం తీశాడంట. ఆఖర్న ఒక బనీను ఇచ్చాడు. గిన్నెలామె దాన్ని తెచ్చి చెంగమ్మ చేతిలో పెట్టి, "తల్లీ, మూత ఇచ్చి వొచ్చా, ఇంక నన్ను ఆ ఇంటికి పంపమాక" అని దణ్ణం పెట్టింది. చెంగమ్మ బనీను ఇప్పి వెలుతురుకి పట్టుకుని చూస్తే ఏముందీ, అన్నీ చిల్లులే. చిల్లు పక్కన చిల్లు, సూది గుచ్చను గుడ్డ యాడుంది అందులో? ఈపక్క గుచ్చితే ఆపక్క దారం జారిపోతంది. అయ్యో రామా అని దాన్ని పక్కనేసింది.

చెంగమ్మ తల పట్టుకుని పెరట్లోకొచ్చి చూస్తే, గోడ అవతల దండెం మీద అంకయ్య జరీ అంచు పంచె ఆరతంది. వాడు పెద్దమనిషై నలుగుర్లో కూసోను పోయేటప్పుడు కట్టే పంచె. వాడు ఇంట్లో లేడు. చెంగమ్మ అటు చూసింది, ఇటు చూసింది, కత్తెర బొడ్లో దోపింది, గోడెక్కింది. ఆ వయసులో గోడెక్కటమంటే మాటలా? దూకినాక తిరపతమ్మ ఎదురుగ్గానే నిలబడుంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చెంగమ్మ కత్తెర తీసింది. అంచు మీద కత్తిరిస్తే వాడికి తెలిసేదే కాదు, కానీ ఆనవాయితీ ఒప్పుకోదు గదా, ఒంటికి తగిలిన చోటే తియ్యాల. పంచెని అటూ ఇటూ తిప్పి, వాడు కట్టుకుంటే సరిగ్గా కూసునే చోటికి వొచ్చే తావు చూసి, కరకరకర నాలుగు మూలలా కత్తిరించి ముక్క తీసింది. తీసుకుని దొంగ దొంగలాగా పారిపోవాలా వొద్దా? మీరైతే పారిపోతారా లేదా? ఆమె గోడ దాకా పోయి ఎనక్కి తిరిగి చూసింది. పంచెకి బొక్క. బొక్క చుట్టూతా పోగులు ఊడి ఏలాడతన్నాయి. ఇంక ఆమెకి కాలు కదల్లా. కత్తిరించిన అంచుని అట్టా వొదిలేసి పొయ్యే మనిషా ఆమె? పుట్టి బుద్ధెరిగినాక చెయ్యలేదే ఆ పని! ఎనక్కొచ్చి, దండెం కిందే చతికిలబడి, జాకెట్లో గుచ్చుకున్న సూది తీసి, ఆ బొక్క చుట్టూతా గుడ్డ లోపలికి మడిచి, సన్నటి కుట్లు పెట్టుకుంటా కూసుంది. తిరపతమ్మ ఏం జేసిందీ, వొచ్చి ఎదురుగ్గా కూసుని పంచె రెండో కొస బిగించి పట్టుకుంది. "నేనియ్యలేదక్కా, పట్టుకున్నానంతే" అనింది. వొట్టు ఇయ్యకూడదనే గదా, పట్టుకోకూడదని కాదు గదా. కుట్టటం అయినాక ఇద్దరూ పంచెని ఎత్తి చూసుకున్నారంట. ఎంత చక్కగా వొచ్చిందో! కిటికీకి చట్రం బిగించినట్టుగా ఉంది. తిరపతమ్మ దాన్ని మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది.

ఉయ్యాల రోజు రానే వొచ్చింది. ఈపక్క పందిరి, చుట్టాలు, పాటలు. ఆపక్క అంకయ్యకి ఈ సందడి ఇనపడతంటే ఒళ్ళు మండిపోతంది. చెవుల్లో పడకుండా ఎక్కడికన్నా పోవాలని పక్కూళ్ళో ఏదో తగువు తీర్చను పోతన్నానని చెప్పి, గబగబా పెట్టె తీసి జరీ పంచె లాగి కట్టుకుని వీధిలోకి నడిచాడు. ఎనక కిటికీ తెరుచుకునుంది, లోపల చారల లాగు. ఆయన ముందుకి చూసుకుంటా దర్జాగా పోతన్నాడు, ఎనకమాల ఊరంతా చూస్తంది. పంపు దగ్గర ఆడోళ్ళు బిందెలు పెట్టేసి నోట్లో కొంగులు కుక్కుకున్నారు. ఈయనేమో, నన్ను చూసి ఎంత మర్యాదగా పక్కకి జరుగుతన్నారో అనుకుని మీసం సవరించుకున్నాడంట. చివరాకరికి టీ కొట్టు కాడ ఒకడు, "ఏం అంకయ్య మావా, గాలాడటల్లేదా, కిటికీ తీసుకుని బయల్దేరావు?" అన్నాడు. అంకయ్య ఎనక్కి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చెయ్యి లోపలికి పోయింది!

కండవా నడుముకి చుట్టుకుని, సందులోకి పోయి, పంచె తిప్పుకుని చూసుకున్నాడు. ముందు కోపమొచ్చింది, ఎలక కొరికిందేమో, పొయ్యి కాడ నిప్పురవ్వ పడిందేమో అనుకున్నాడు. తీరా చూస్తే చుట్టూ మడత, మడత మీద సన్నటి కుట్లు, మూలమూలకీ ఒక ముడి. ఎలకేమో కొరికి పోతది, కుట్టి పోదు గదా. పంచె కోసే దొంగలు ఈ భూమ్మీద ఎంతమందైనా ఉంటారు, కోసినాక అంచు మడిచి కుట్టి పొయ్యే దొంగ ఒక్కతే. చిన్నప్పట్నించీ ఆ కుట్లు తొడుక్కుని పెరిగినోడు, వాడికి తెలీదా? "వొదినా!" అని ఒక్క అరుపు అరిచి, ఎనక్కి తిరిగి, పక్కూరూ లేదు తగువూ లేదు, నేరుగా పందిట్లోకొచ్చి పడ్డాడు. ఎన్నేళ్ళకి తొక్కాడు ఆ గడప! తొక్కినట్టు వాడికే తెలీలా, అంత కోపంలో ఉండాడు.

పాటలు ఆగిపోయినాయి. "నా పంచె ఎందుకు కోశావు?" అని గట్టిగా అడిగాడు. మాలకొండయ్య లేచి నిలబడ్డాడు, తమ్ముడి మొహం చూడకుండా, "ఏమే చెంగమ్మా, వొచ్చినాయన్ని కాళ్ళు కడుక్కోమని చెప్పు" అన్నాడు. "వొదినా, నేను కాళ్ళు కడుక్కోను రాలేదని ఆయనకి చెప్పు. నా గుడ్డ నాకిస్తే పోతా" అన్నాడు వీడు. అప్పుడు చెంగమ్మ ముందుకొచ్చింది. "కోశా. దొంగతనమే చేశా, కాదన్లా. అడిగితే ఇయ్యవు, అడక్కుండా ఉంటే నువ్వు ఈ ఇంట్లో లేనోడివైతావు. అది నేను చూళ్ళేను నాయనా. నువ్వు నన్ను తిట్టు, నాతో మాట్లాడమాక, గోడ ఇంకా ఎత్తు లేపుకో. అయినా నువ్వుండాల. మా ఆదెమ్మ బిడ్డకి చిన్నతాత ఉండాల" అనింది, కళ్ళల్లో నీళ్ళు ధారలు కడతన్నాయి. పందిట్లో ఆడోళ్ళందరూ ముక్కు చీదారు. అంకయ్య నడుముకి చుట్టుకున్న కండవా బిగించుకుని, "అదంతా నాకు తెలీదు, నా ముక్క నాకు కావాల" అన్నాడు. చెంగమ్మ కళ్ళు తుడుచుకుని సూది తీసి వాడి చేతిలో పెట్టింది. "అదుగో, ఉయ్యాల్లో బొంత మధ్యలోదే నీది. కుట్లు ఇప్పుకుని తీసుకుపో. బిడ్డ నిద్రపోతన్నాడు, లేపావంటే మాత్రం ఊరుకోను" అనింది.

అంకయ్య ఉయ్యాల పక్కన గొంతుక్కూసున్నాడు. చెంగమ్మ ఏసిన కుట్లంటే ఏమన్నా ఆటలా? ఒక్కొక్కటీ రెండుసార్లు ఎనక్కి తిప్పి బిగించింది. బిడ్డ సరిగ్గా ఆ ముక్క మీదే పడుకునుండాడు. వీడు ఒక కాలు మెల్లిగా పక్కకి జరిపి ఒక కుట్టు పట్టుకుంటే, ఆ కాలు మళ్ళీ అక్కడికే వొస్తంది. చెమటలు పడతన్నాయి. పందిరంతా ఊపిరి బిగబట్టి చూస్తంది. ఒక్క కుట్టు ఊడింది. రెండో కుట్టు మీద సూది పెట్టాడో లేదో, బిడ్డ సర్రున పోశాడు! ముక్క తడిసింది, వీడి చెయ్యి తడిసింది, మీసం కూడా కాస్త తడిసిందంటారు, నేను చూడలేదులే. పోలేరమ్మ పక్కున నవ్వి, "ఇంకెందుకురా నీకా ముక్క, తీసుకుపోయి పంచెకి అతికించుకుంటావా?" అనింది. అంకయ్య నవ్వు ఆపుకుంటా పైకి మాత్రం గంభీరంగా, "ఆరనియ్యండి. ఆరినాక తీసుకుపోతా" అని అక్కడే కూసున్నాడు. ఆరేదాకా ఊరికే కూసోబెడతారా? ఆకేశారు. తిన్నాడు. తిరపతమ్మ వొచ్చింది, ఆమె కూడా తినింది. ఆరింది, కానీ అప్పటికి పొద్దు వాలింది, కుట్లు కనపళ్ళా. "రేపొస్తా" అని పోయాడు.

మర్నాడు వొచ్చాడు. ఉయ్యాల పక్కన కూసుని ఒక కుట్టు ఇప్పాడు, బిడ్డని కాసేపు ఆడించాడు, బువ్వ తిన్నాడు, పోయాడు. వాడు పోంగానే చెంగమ్మ సూది తీసి ఆ కుట్టు మళ్ళీ ఏసేసింది. ఆ మర్నాడూ అంతే. వాడు ఇప్పటం, ఆమె కుట్టటం. వాడికి తెలీదా, నిన్న ఇప్పిన కుట్టు ఇయ్యాల బిగిసుందంటే ఎట్టా బిగిసిందో? తెలుసు. చెంగమ్మకి తెలుసు వాడికి తెలుసని. మాలకొండయ్య కూడా రోజూ ఆడికొచ్చి కూసుని, "ఏమే, ఇయ్యాల ఎన్ని ఊడినయ్యో అడుగు" అనేవాడు. కొన్నాళ్ళకి 'ఏమే' పోయింది, "ఎన్ని ఊడినయ్‌రా?" అని తనే అడిగాడు. "ఒకటే ఊడింది అన్నా, మొండి కుట్లు" అన్నాడు వీడు. అంతే, మాటలు కలిసినాయి.

ఇంక ఆదెమ్మకి అత్తారింటికి పొయ్యే నెల వొచ్చింది. బిడ్డని తీసుకుని, బొంత తీసుకుని, బండెక్కి పోయింది. అందరూ ఊరి బయట దాకా పోయి సాగనంపి వొచ్చారు. మర్నాడు అన్నాలేళకి చెంగమ్మ వాకిట్లోకి చూస్తే, అంకయ్య సూది పట్టుకుని వొస్తన్నాడు. ఉయ్యాల కట్టిన దూలం కింద ఎప్పుడూ కూసునే తావులోనే కూసున్నాడు. "బొంత ఊరికి పోయింది గదా అబ్బాయా, ఏం ఇప్పుతావు?" అనింది చెంగమ్మ. "వొచ్చిందాకా ఆగుతా. నా గుడ్డ ఊరికే ఒదిలిపెట్టే మనిషిననుకున్నావా నేను?" అని కంచం ముందుకి లాక్కున్నాడంట. ఆమె బువ్వ పెట్టింది. పెట్టక ఏం చేస్తది మరి, అంత పెద్ద గొడవ తేలకుండా ఉంటే?